కనిపించకపోతే లేనట్టేనా?

ఫోన్లో ఏదో సైటు తెరిచి, కావాల్సింది దొరక్క, మూడు చుక్కల మెనూలోకి వెళ్లి 'డెస్క్‌టాప్ సైట్' అన్నచోట టిక్కు పెట్టని వాళ్లు మనలో తక్కువే. పెట్టగానే అక్షరాలు చీమలంత అయిపోతాయి. కానీ అప్పటిదాకా లేని కాలమ్ ఒకటి ప్రత్యక్షమవుతుంది. డౌన్‌లోడ్ బటనో, ఆఖరి తేదీయో, సబ్జెక్టుల వారీ మార్కులో. "ఫోన్లో ఈ సైటు సరిగ్గా పనిచేయదురా" అనేసి మన పని చూసుకుంటాం. నిజానికి చాలాసార్లు సైటు బాగానే పనిచేస్తూ ఉంటుంది. ఆ కాలమ్ మొదట్లోనే మీ ఫోన్లోకి దిగింది కూడా. మీకు చూపించొద్దని ఎవరో ఒక ఇంజినీరు రాసిపెట్టాడు, అంతే. రాసింది రెండే రెండు మాటలు. ఈ వారం కబుర్లు వాటి గురించే.

పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనబడాలో చెప్పేది సీఎస్‌ఎస్. సీఎస్‌ఎస్ ఆలోచనను 1994లో హోకన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన ముందుకు తెచ్చాడు. 1996లో అది అధికారిక ప్రమాణమైంది. చాలాకాలం మేము పేజీకి వేరుగా పెద్ద సీఎస్‌ఎస్ ఫైలు రాసుకునేవాళ్లం. ఇప్పుడు ఎక్కువమంది వాడేవి యుటిలిటీ క్లాసులు. కిరాణా కొట్లో ముందే కట్టి వేలాడదీసిన పొట్లాలుంటాయే, అలాంటివి. ఒక్కో పేరుకు ఒక్కటే పని. ఒకటి అక్షరాలను లావు చేస్తుంది, ఒకటి మధ్యలో కూర్చోబెడుతుంది, ఇంకొకటి దాచేస్తుంది. కావాల్సిన పొట్లం తెంపి హెచ్‌టీఎంఎల్‌లోనే అంటించేయడమే. ట్విట్టర్ ఇంజినీర్లు 2011లో వదిలిన బూట్‌స్ట్రాప్‌లో ఇలాంటివి కొన్ని ఉండేవి. 2017లో ఆడమ్ వాథన్ బృందం తెచ్చిన టెయిల్‌విండ్ మొత్తం వీటితోనే నడుస్తుంది.

మాయమైన ఆ కాలమ్ మీద టెయిల్‌విండ్‌లో అయితే ఇలా రాసి ఉంటుంది: 'హిడెన్', పక్కనే 'ఎండీ: టేబుల్-సెల్'. మొదటి మాటకు అర్థం 'దాచెయ్'. రెండోదానికి అర్థం 'తెర వెడల్పు ఎండీ దాటితే మాత్రం టేబుల్లో గడిలా చూపించు'. ఎండీ అంటే మీడియం. లెక్కలో 768 పిక్సెళ్లు. నిలువుగా పట్టుకున్న ఫోను వెడల్పు మామూలుగా 360 నుంచి 430 మధ్యలో ఉంటుంది. కాబట్టి ఫోన్లో ఆ కాలమ్‌కు చోటు లేదు.

ఫోను డబ్బా మీద 1080 అనో 1440 అనో ఉంది కదా, మరి 360 ఏంటి అంటారా? అది వేరే లెక్క. తెర మీద ఉండే అసలు చుక్కలను వెడల్పులో రెండో మూడో కలిపి బ్రౌజర్ ఒక్కటిగా లెక్కేసుకుంటుంది. లేకపోతే అక్షరాలు భూతద్దంలో చూడాల్సి వచ్చేది.

ఇప్పుడు డెస్క్‌టాప్ సైట్ టిక్కు ఏం చేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది. తెర వెడల్పు సుమారు 980 ఉన్నట్టు బ్రౌజర్ నటిస్తుంది. 768 దాటింది కాబట్టి కాలమ్ బయటికొస్తుంది. అయితే ఆ ఇంజినీరు 'ఎండీ' బదులు 'ఎల్‌జీ' అని రాసి ఉంటే హద్దు 1024. అప్పుడు టిక్కు పెట్టినా అది రాకపోవచ్చు. ఇంకో చిట్కా ఉంది. ఫోన్ని అడ్డంగా తిప్పి చూడండి. ఆటో రొటేట్ ఆన్‌లో ఉండాలి సుమా. ఈమధ్య వస్తున్న పొడుగు ఫోన్లలో చాలావాటికి అడ్డం తిప్పితే వెడల్పు 800 దాకా, అంతకంటే ఎక్కువ కూడా వస్తుంది. అక్షరాలు చిన్నవి కాకుండానే కాలమ్ కనబడుతుంది. డెస్క్‌టాప్ సైట్ కంటే ముందు నేను చేసేది ఇదే.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఎండీ అంటే మధ్యరకం తెరలకు మాత్రమే అనుకుంటారు. కాదు. ముందు ఏమీ తగిలించని మాట అన్ని తెరలకూ వర్తిస్తుంది. ఎండీ తగిలిస్తే అక్కడి నుంచి పైకి ఎంత పెద్ద తెరకైనా వర్తిస్తుంది. అంటే లెక్క ఫోనుతోనే మొదలవుతుంది. దీన్నే మొబైల్ ఫస్ట్ అంటారు. పేరు బాగుంది. కానీ 'హిడెన్' అని మొదలుపెట్టి 'ఎండీ' దగ్గర చూపించేవాడి మనసులో ఫోను ఫస్టా, లాస్టా అన్నది మీరే చెప్పండి.

పాత బూట్‌స్ట్రాప్‌లో ఈ దాపరికం ఇంకా బాహాటంగా ఉండేది. 2012 నాటి రెండో వెర్షన్‌లో క్లాసు పేరే 'హిడెన్-ఫోన్'. చదివితే చాలు, ఎవరికి చూపించట్లేదో తెలిసిపోయేది. తర్వాత పెద్ద ఫోన్లు, చిన్న ట్యాబ్లు వచ్చి హద్దులు చెరిగిపోయాయి. 2013లో మూడో వెర్షన్‌కి అది 'హిడెన్-ఎక్స్‌ఎస్' అయింది. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో ఆ పేర్లే తీసేసి 'డీ-నన్', 'డీ-ఎండీ-బ్లాక్' అని కొత్తవి పెట్టారు. వెర్షన్ మార్చి పాత క్లాసులు మార్చడం మర్చిపోతే ఏమవుతుంది? దాచమని చెప్పే మాట కొత్త వెర్షన్‌కు అర్థం కాదు, కాబట్టి అన్నీ బయటికొచ్చేస్తాయి. ఫోన్ మెనూ, కంప్యూటర్ మెనూ రెండూ ఒకదానికింద ఒకటి కనిపించే సైటు ఎక్కడైనా తగిలిందా? బహుశా కథ ఇదే.

ఇక దాచడంలో రకాలు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి గానీ పనులు వేరు.

మొదటిది సీఎస్‌ఎస్‌లో 'డిస్‌ప్లే నన్'. టెయిల్‌విండ్‌లో 'హిడెన్', బూట్‌స్ట్రాప్‌లో 'డీ-నన్'. బంతి భోజనంలో ఒకరు లేచి వెళ్తే మిగతావాళ్లు దగ్గరికి జరిగి కూర్చుంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. మనిషీ లేడు, చోటూ లేదు.

రెండోది 'విజిబిలిటీ హిడెన్'. రెండు ఫ్రేమ్‌వర్కుల్లోనూ క్లాసు పేరు 'ఇన్‌విజిబుల్'. ఇది బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన కర్చీఫ్. మనిషి కనిపించడు, చోటు మాత్రం ఆపి ఉంటుంది. పక్కవాళ్లు జరగరు. పేజీలో ఏదో వచ్చిపోతుంటే మిగతా అక్షరాలు ఎగిరెగిరి పడకుండా ఉండాలంటే ఇదే వాడాలి. మీరు ఒక బటన్ నొక్కబోతుంటే పైనుంచి ప్రకటన దిగి బటన్ కిందికి జారిపోతుంది చూశారూ, అక్కడ ఎవరూ కర్చీఫ్ వేయలేదన్నమాట.

సీఎస్‌ఎస్‌లో 'హిడెన్' అంటే కర్చీఫ్ పద్ధతి, టెయిల్‌విండ్‌లో 'హిడెన్' అంటే లేచి వెళ్లిపోయే పద్ధతి. ఒకే పేరు, రెండు పనులు. ఈ పేరు పెట్టడం నాకిప్పటికీ నచ్చదు. ఇంటర్వ్యూల్లో మాత్రం ఇదే అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

మూడోది 'ఒపాసిటీ జీరో'. ఇది బాగా తుడిచిన గాజు తలుపు. కనిపించదు గానీ అక్కడే ఉంటుంది. చోటు ఉంటుంది, వేలు తగిలితే పనిచేస్తుంది కూడా. అసలు చిక్కంతా దీంతోనే.

కంప్యూటర్లో చాలా సైట్లలో ఒక వరస మీదికి మౌస్ బాణం తీసుకెళ్తే చివర్లో చెత్తబుట్ట బొమ్మ మెల్లగా తేలుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది సాధారణంగా ఒపాసిటీ జీరోతో దాచి, బాణం పైకి రాగానే వందకు మార్చే క్లాసు. ఫోన్లో బాణం ఏది? మన వేలు తెర మీద తేలుతూ తిరగదు, తగిలితే తగిలినట్టే. 2025 జనవరిలో వచ్చిన టెయిల్‌విండ్ నాలుగో వెర్షన్‌లో అయితే, ఇలా బాణంతో పనిచేసే క్లాసులు టచ్ తెరల మీద అసలు అమలు కాకుండా పెట్టారు. మంచి నిర్ణయమే. పాత పద్ధతిలో ఏదో తగిలి రంగులు మారి అలాగే అతుక్కుపోయేవి. కానీ బాణం మీదే ఆధారపడి దాచిన చెత్తబుట్ట ఇక ఫోన్లో ఎప్పటికీ కనిపించదు. కనిపించకపోయినా అక్కడే ఉంది. ఖాళీగా ఉంది కదా అని వరస చివర వేలు పెట్టి పైకి తోస్తుంటే పొరపాటున తగలొచ్చు. సేవ్ చేసుకున్న అడ్రస్ పోతుంది, ఎలా పోయిందో తెలియదు.

కళ్లున్నవాళ్లకే ఇలా ఉంటే, చూపులేని వాళ్ల సంగతి చెబుతాను.

నా రూమ్మేట్ తమ్ముడు ఖమ్మంలో ఉంటాడు. చూపు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్ని పనులూ తనే చేసుకుంటాడు. టాక్‌బ్యాక్ అంటే వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది పైకి చదివి వినిపించే ఏర్పాటు. మీ ఫోన్లో కూడా ఉంటుంది, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద చూడండి. పోయినేడాది ఒక ఉద్యోగ పరీక్షకు అప్లై చేస్తూ నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నేనింకా ఓటీపీ కొట్టనేలేదు. తప్పు ఓటీపీ అంటోంది."

"కొట్టకుండా ఎలా అంటుందిరా?"

"అదే కదన్నా. పేజీ తెరవగానే డబ్బా కింద అదే చదువుతోంది. పాతది పడిందేమోనని మళ్లీ పంపమన్నా. మళ్లీ అదే. మూడుసార్లయింది. ఇంక పంపను, గంట ఆగమంటోంది."

ఆఖరి తేదీ ఆ రోజే. నేను లాప్‌టాప్‌లో అదే పేజీ తెరిచాను. ఓటీపీ డబ్బా కింద ఏమీ లేదు, తెల్లగా ఉంది. కోడ్ చూస్తే అక్కడ 'మీరు ఇచ్చిన ఓటీపీ తప్పు' అన్న వాక్యం మొదటినుంచే కూర్చుని ఉంది. దాని మీద క్లాసు ఒపాసిటీ జీరో. నిజంగా తప్పు కొడితే అది మెల్లగా ఎర్రగా తేలాలని ఎవరో ముచ్చటపడ్డారు. కళ్లకు అది లేదు. టాక్‌బ్యాక్‌కు మాత్రం ఉంది. ఎందుకంటే ఒపాసిటీ రంగు సంగతి మాత్రమే, ఉన్నదాన్ని లేనట్టు చేయదు. డిస్‌ప్లే నన్, విజిబిలిటీ హిడెన్ అయితే తెర చదివే సాఫ్ట్‌వేర్ కూడా వదిలేస్తుంది. ఒపాసిటీ జీరోను వదలదు. ఆ వాక్యానికి 'ఇన్‌విజిబుల్' అన్న ఒక్క మాట తోడైతే చాలు, ఆ అబ్బాయికి ఓటీపీ సరిగ్గానే వచ్చిందని తెలిసేది.

గంట ఆగి, ఆ వాక్యాన్ని పట్టించుకోవద్దని చెప్పి, ఫోన్లోనే ఉండి నింపించాను. అప్లికేషన్ వెళ్లింది. ఆ సైటువాళ్లకు మెయిల్ పెడితే ఫిర్యాదు నంబరు ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

దీనికి సరిగ్గా తిరగేసిన క్లాసు కూడా ఉంది. దాని మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. టెయిల్‌విండ్‌లో 'ఎస్‌ఆర్-ఓన్లీ'. ఎస్‌ఆర్ అంటే స్క్రీన్ రీడర్, అంటే తెర చదివే సాఫ్ట్‌వేర్. బూట్‌స్ట్రాప్‌లోనూ ఇదే పేరుండేది, 2021లో వచ్చిన అయిదో వెర్షన్‌లో 'విజువల్లీ-హిడెన్' అని మార్చారు. ఇది కళ్లకు దాచి చెవులకు వినిపిస్తుంది. వాక్యాన్ని ఒక్క పిక్సెల్ పొడవు, ఒక్క పిక్సెల్ వెడల్పు గడిలోకి కుదించి, మిగతాది కత్తిరించేస్తుంది. తెర మీద ఆనవాలు ఉండదు. టాక్‌బ్యాక్ మాత్రం నిండుగా చదువుతుంది.

ఎక్కడ పనికొస్తుందంటే, బొమ్మ మాత్రమే ఉన్న బటన్లలో. భూతద్దం బొమ్మ చూడగానే వెతకడానికని మనకు తెలుసు. కానీ దానికి పేరేమీ రాసి లేకపోతే టాక్‌బ్యాక్ 'బటన్' అని ఊరుకుంటుంది. ఒకే వరసలో అయిదు బొమ్మలుంటే అయిదుసార్లూ బటన్, బటన్, బటన్. అందులో ఏది డబ్బులు కట్టేది, ఏది వెనక్కి పోయేది? లోపల ఎస్‌ఆర్-ఓన్లీ క్లాసుతో 'వెతకండి' అని ఒక్క మాట పెడితే తీరిపోయే విషయం. డిజైన్ ఏమీ చెడదు. పైసా ఖర్చు లేదు. ఆన్‌లైన్ కేవైసీలో దివ్యాంగులు పడుతున్న ఇబ్బందుల మీద వచ్చిన కేసులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అంత పెద్ద మాట కింద మావైపు చేయాల్సిన పనుల్లో ఇలాంటి చిన్న క్లాసులూ ఉన్నాయి.

కళ్లకు దాచినంత మాత్రాన రహస్యం అయిపోదన్నది ఇంకో సంగతి. బీటెక్ రోజుల్లో మేము రాసే ఒక మాక్ టెస్టు సైటులో ప్రతి ప్రశ్న కిందా జవాబు, వివరణ ముందే ఉండేవి. సబ్మిట్ చేసేదాకా డిస్‌ప్లే నన్ అన్నమాట. కంప్యూటర్లో కంట్రోల్ పట్టుకుని యు కొడితే పేజీ సోర్సు తెరుచుకుంటుంది, అక్కడ సరైన జవాబులన్నీ వరసగా ఉండేవి. ఆ సెమిస్టర్లో హాస్టల్లో అందరికీ మార్కులు దంచికొట్టాయి. మాక్ టెస్టు కాబట్టి నవ్వుకున్నాం. అదే పద్ధతిలో ఒకరి ఫోన్ నంబరో, ఆధార్ అంకెలో దాస్తే నవ్వే విషయం కాదు. ఎవరికి చూపించకూడదో వాళ్ల ఫోనుకు అసలు పంపకుండా సర్వర్ దగ్గరే ఆపాలి. పంపాక సీఎస్‌ఎస్‌తో దాచడం, ఉత్తరం ఇచ్చి కళ్లు మూసుకోమనడం లాంటిది.

డేటా కూడా అంతే. ఫోన్లో కనిపించకుండా దాచిన పెద్ద ఫొటో ఉందనుకోండి. మామూలు ఇమేజ్ ట్యాగ్‌తో పెడితే, డిస్‌ప్లే నన్ చేసినా బ్రౌజర్ దాన్ని డౌన్‌లోడ్ చేస్తుంది. మీరు చూడని ఫొటోకు మీ నెట్ ప్యాక్ ఖర్చు. 'లోడింగ్' దగ్గర 'లేజీ' అని రాస్తే ఆ బాధ తప్పుతుంది.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఫారాల్లో జరిగేది. డిస్‌ప్లే నన్‌తో దాచిన చెక్‌బాక్స్‌లో టిక్కు ముందే పెట్టి ఉంటే, సబ్మిట్ కొట్టగానే అది కూడా ఫారంతో పాటు వెళ్తుంది. దాచారు కాబట్టి వెళ్లదనుకుంటాం, కానీ వెళ్తుంది. విరాళమో, ఇన్సూరెన్సో అడిగే గడి ఒకటి కంప్యూటర్లో కనిపిస్తూ, ఫోన్లో 'చోటు సరిపోలేదు' అని దాక్కుంటే? మీరు చూడని టిక్కుకు మీరు డబ్బు కడతారు. అడగకుండా బుట్టలో వస్తువు వేసేయడం, కావాల్సిన సమాచారాన్ని కంటికి ఆనకుండా చేయడం రెండూ తప్పేనని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. డార్క్ ప్యాటర్న్స్ అని మొత్తం 13 రకాలు అందులో రాశారు. ఎవరైనా కావాలనే చేశారా, చోటు కోసం చేశారా అన్నది కోడ్ చూసి చెప్పలేం. రెండిట్లోనూ అవే రెండు మాటలుంటాయి. అందుకే డబ్బు కట్టే ముందు ఫోన్ని ఒకసారి అడ్డం తిప్పి, మొత్తం ఎంతో, దేనికెంతో చూసుకోండి. కొత్తగా ఏదైనా గడి బయటపడితే స్క్రీన్‌షాట్ తీసుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి.

మా పనిలో ఈ గొడవ దాదాపు ప్రతి నెలా వస్తుంది. ఎనిమిది కాలమ్‌ల టేబుల్, ఫోన్లో మూడే పడతాయి. మిగతా అయిదూ దాచేద్దాం అంటారు. దాచడానికి అర నిమిషం చాలు, ఏది దాచాలో తేల్చడానికే గంట పడుతుంది. మొన్నామధ్య అలాంటి ఒక టేబుల్లో దాచేవాటి జాబితాలో 'రద్దు చేసుకోవడానికి ఆఖరి తేదీ' కూడా ఉంది. అది ఎక్కువమంది చూడరు అన్నారు. చూడాల్సి వచ్చినవాడు ఆ రోజు ఫోన్లోనే చూస్తాడు కదా అన్నాను. చివరికి ఫోనుకు టేబులే వద్దని, ఒక్కో ఆర్డరూ ఒక్కో కార్డులా పెట్టాం. కార్డుల మీద 'ఎండీ: హిడెన్', టేబుల్ మీద 'హిడెన్', పక్కన 'ఎండీ: టేబుల్'. ఒకటి మాయమైతే ఒకటి వస్తుంది. రెండిట్లోనూ ఎనిమిది వివరాలూ ఉన్నాయి. కార్డు కొంచెం పొడుగైంది, డిజైనర్ ఇప్పటికీ సణుగుతూనే ఉంది. ఆఖరి తేదీ మాత్రం రెండో వరసలో, బొద్దు అక్షరాల్లో ఉంది.